బీసీఎం పోయిందన్నారా? ముందు కప్లర్ విప్పించండి

హైదరాబాద్‌లో గంటసేపు గట్టి వాన పడితే ఎక్కడెక్కడ నీళ్లు నిలుస్తాయో నగరవాసులకు కంఠతా వచ్చు. అమీర్‌పేటలో మైత్రివనం, పంజాగుట్టలో మోడల్ హౌస్ ఆ జాబితాలో తప్పక ఉంటాయి. నీళ్లు తీసి రోడ్డు ఆరిన రెండు మూడు రోజులకు ఆ చుట్టుపక్కల గ్యారేజీలకు ఒక తరహా కార్లు రావడం మామూలే. ఇంజిన్ భేషుగ్గా ఉంటుంది. వైపర్లు మాత్రం అడక్కుండానే తిరుగుతుంటాయి. రిమోట్ నొక్కితే తలుపులు పలకవు. ఒక అద్దం దిగితే ఎక్కదు. అర్ధరాత్రి సెంట్రల్ లాక్ టకటకమని పడుతూ లేస్తూ ఉంటుంది, తెల్లారి చూస్తే బ్యాటరీ డౌన్. స్కానర్ తగిలించిన మెకానిక్ తేల్చే మాట చాలాసార్లు ఒకటే: "బీసీఎం పోయింది సార్, మార్చాలి."

ఆ ఒక్క మాటతో వేల రూపాయల బిల్లుకు తెర లేస్తుంది. ఆ మాట ఎంతవరకు నిజం, మార్చాల్సే వస్తే పని ఎక్కడ మొదలై ఎక్కడ ముగియాలి, ఖర్చు ఎవరి నెత్తిన పడాలి, ఆ పని చేసే హక్కు షోరూముకే ఉందా, వీధి చివరి గ్యారేజీకీ ఉందా? ఈ ప్రశ్నలన్నీ కలిస్తేనే విషయం పూర్తవుతుంది.

డబ్బాలో ఏముంది

బీసీఎం అంటే బాడీ కంట్రోల్ మాడ్యూల్. చాలా కార్లలో స్టీరింగ్ కిందో, డ్యాష్‌బోర్డు వెనకో, డ్రైవర్ కాలి పక్కన ఉండే ప్యానెల్ లోపలో బిగించిన ప్లాస్టిక్ డబ్బా. అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్ ఎలాగో కారులో ఇది అలాగ: గేటు తాళాలు, మెట్ల దగ్గర లైట్లు, నీళ్ల మోటారు, ఎవరు లోపలివాళ్లు ఎవరు బయటివాళ్లు అన్న ఎరుక, అన్నీ ఒకరి చేతిలోనే. హెడ్‌లైట్లు, ఇండికేటర్లు, వైపర్లు, హారన్, పవర్ విండోలు, సెంట్రల్ లాకింగ్ దీని ఆధీనం. చాలా మోడళ్లలో దొంగతాళం పడనివ్వని ఇమ్మొబిలైజర్ కూడా ఇందులోనే ఉంటుంది.

అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని రోజుల్లో స్విచ్ నుంచి లైటుకు నేరుగా వైరు వెళ్లేది, మధ్యలో మహా అయితే ఒక ఫ్యూజు, ఒక రిలే. ఇప్పుడు స్విచ్ నొక్కడమంటే మాడ్యూల్‌కు అర్జీ పెట్టుకోవడమే. అది విని, సరేననుకుంటేనే కరెంటు వదులుతుంది. ఇలాంటి మాడ్యూళ్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పద్ధతి పేరు క్యాన్. జర్మనీకి చెందిన బాష్ కంపెనీ దాన్ని 1986లో డెట్రాయిట్‌లో జరిగిన ఆటోమొబైల్ ఇంజినీర్ల సదస్సులో బయటపెట్టింది. మరుసటేడాది ఇంటెల్, ఫిలిప్స్ చిప్పులు వచ్చాయి. 1991 నాటి మెర్సిడెస్ ఎస్-క్లాస్‌తో అది ఖరీదైన కార్లలోకి ఎక్కింది. 1993లో ఐఎస్ఓ 11898 ప్రమాణమైంది. ఒకప్పుడు చేతి మందాన ఉండే వైరింగ్ కట్టలు, రెండు వైర్లు పెనవేసుకున్న జంటతో చాలావరకు సన్నబడ్డాయి.

మన దగ్గర ఈ మార్పు ఉద్గార నిబంధనలతో పాటు వేగం పుంజుకుంది. 2010 ఏప్రిల్‌లో బీఎస్-4 మొదలైన 13 నగరాల్లో హైదరాబాద్ ఒకటి. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బీఎస్-6 వచ్చింది. స్టీరింగ్ కింద కనిపించే 16 పిన్నుల ఓబీడీ సాకెట్ ఆ నిబంధనల పుణ్యమే. మెకానిక్ స్కానర్ తగిలించేది అక్కడే.

పోయేది ఒకటి, పోయినట్టు కనిపించేది ఒకటి

బీసీఎం నిజంగానే పాడవుతుంది. అందుకు మొదటి కారణం నీళ్లు. 2000 ఆగస్టు 24న బేగంపేటలో ఒక్క రోజులో 24 సెంటీమీటర్ల వాన కురిసింది. 2020 అక్టోబరు 13, 14 తేదీల్లో 19 సెంటీమీటర్లు పడి నగరంలో కాలనీలకు కాలనీలే మునిగాయి. అలాంటి వానలో కారు ఫ్లోర్ మ్యాట్ దాటి నీళ్లొస్తే, కింద అమర్చిన మాడ్యూల్, వైర్లను దానికి కలిపే కప్లర్లు నానక తప్పదు. కారు మునగకపోయినా ముప్పు ఉంది. ముందద్దం కింద నీళ్లు జారిపోయే గొట్టం ఆకులతో మూసుకుపోతే నీళ్లు దారి మార్చుకుని డ్యాష్‌బోర్డు లోపలికి దిగుతాయి. ఏసీ డ్రెయిన్ పైపు మూసుకుపోయినా అంతే.

రెండో కారణం మనుషులు. బ్యాటరీ దిగినప్పుడు పక్క కారు నుంచి జంపర్ కేబుల్ ప్లస్సు, మైనస్సు తారుమారు చేసి తగిలించడం, కొత్త కారుకు మోజుపడి రెట్టింపు వాట్ల బల్బులు, జోడు హారన్లు, రంగుల లైట్లు పెట్టించుకోవడం. డెకార్ షాపు కుర్రాడు దొరికిన వైరు గీకి, టేపు చుట్టి, అందులోంచి కరెంటు లాగేస్తాడు. బీసీఎంలో లైట్లను నడిపే చిన్న చిప్పులు ఆ భారం కోసం తయారైనవి కావు. మూడో కారణం ఎలుకలు. సెల్లార్లలో రోజుల తరబడి కదలని కార్ల వైరింగ్ వాటికి విందు.

అయితే ఈ కారణాల్లో ఎక్కువ భాగం మొదట దెబ్బతీసేది డబ్బాను కాదు, డబ్బాలోకి వెళ్లే దారిని. కప్లర్ పిన్నుకు చిలుము పట్టినా, బాడీకి బిగించిన ఎర్త్ బోల్టు తుప్పు పట్టి వదులైనా, ఒక ఫ్యూజు కాలు సరిగా కూర్చోకపోయినా లక్షణాలు అచ్చం బీసీఎం పోయినట్టే ఉంటాయి. స్కానర్ ఈ తేడా చెప్పదు. యు0140 అనే కోడ్ వచ్చిందంటే బీసీఎంతో మాటలు తెగిపోయాయని అర్థం. అవతలి మనిషి పోయాడా, మధ్యలో లైను తెగిందా అన్నది మనమే తేల్చుకోవాలి.

దీనికి పెద్ద సాక్ష్యం అమెరికాలో ఉంది. షెవర్లే మాలిబు, పాంటియాక్ జీ6, సాటర్న్ ఆరా కార్లలో బ్రేకు తొక్కకుండానే బ్రేక్ లైట్లు వెలగడం, తొక్కితే వెలగకపోవడం మొదలైంది. 2014 మేలో జనరల్ మోటార్స్ 24 లక్షలకు పైగా కార్లను వెనక్కి పిలిచింది. లోపం బీసీఎం సర్క్యూట్‌లో కాదు, దానికి బిగించే కప్లర్‌లో. బండి అదురుకు పిన్నులు ఒకదానికొకటి రాసుకుని, ఆ రాపిడికి సన్నటి తుప్పు పట్టి, కరెంటుకు అడ్డం పడింది. నివారణ ఆ కనెక్షన్‌ను శుభ్రంగా బిగించి దానికి ప్రత్యేకమైన గ్రీజు పూయడం. లక్షల మాడ్యూళ్లను చెత్తబుట్టలో పడేయాల్సిన పని లేకపోయింది.

మన దేశంలో మారుతీ సుజుకీ 2021 సెప్టెంబరులో సియాజ్, ఎర్టిగా, విటారా బ్రెజా, ఎస్-క్రాస్, ఎక్స్‌ఎల్6 మోడళ్లకు చెందిన 1,81,754 పెట్రోల్ కార్లను వెనక్కి పిలిచింది. అక్కడ అనుమానం బీసీఎం మీద కాదు, మోటార్ జనరేటర్ యూనిట్ మీద. పని పూర్తయ్యేదాకా నీళ్లు నిలిచిన రోడ్లలో నడపవద్దని, ఎలక్ట్రికల్ భాగాల మీద నేరుగా నీళ్లు కొట్టవద్దని కంపెనీ అప్పుడు యజమానులకు చెప్పిన జాగ్రత్త ఏ కారుకైనా వర్తిస్తుంది. ప్రెషర్ వాషింగ్‌లో బానెట్ ఎత్తి లోపలంతా నీళ్లు చిమ్మించుకునేవాళ్లు గుర్తుంచుకోవాల్సిన మాట అది.

మల్టీమీటర్ చెప్పే సాక్ష్యం

మంచి ఎలక్ట్రీషియన్ పని చూస్తుంటే ఒక క్రమం కనిపిస్తుంది. ముందు బ్యాటరీ. ఛార్జింగ్ నిండుగా ఉంటే 12.6 వోల్టుల దగ్గర చూపాలి. బలహీనమైన బ్యాటరీతో ఏ మాడ్యూల్ అయినా పిచ్చిచేష్టలు చేస్తుంది. తర్వాత ఓబీడీ సాకెట్. 16వ పిన్నులో బ్యాటరీ వోల్టేజీ, 4, 5 పిన్నుల్లో ఎర్త్ ఉందో లేదో చూస్తాడు. ఆపైన బ్యాటరీ విప్పి, 6, 14 పిన్నుల మధ్య మల్టీమీటర్‌తో నిరోధం కొలుస్తాడు. క్యాన్ లైను రెండు కొసల్లో 120 ఓమ్ల చొప్పున రెండు రెసిస్టర్లు ఉంటాయి కాబట్టి 60 ఓమ్లకు అటూ ఇటూ రావాలి. 120 చూపిస్తే ఎక్కడో ఒక కొస తెగింది. సున్నా దగ్గర పడితే రెండు వైర్లు కలిసిపోయాయి. సాకెట్‌కూ లోపలి లైనుకూ మధ్య గేట్‌వే మాడ్యూల్ పెట్టిన కొత్త కార్లలో మాత్రం ఈ కొలత లైను దగ్గరే తీసుకోవాలి.

తర్వాత బీసీఎం కప్లర్ దగ్గరే కూర్చుంటాడు. కరెంటు అందుతోందా, లోడు మీద ఎర్త్ వైపు వోల్టేజీ పడిపోతోందా అని చూస్తాడు. ఎర్త్ బాగుంటే ఆ తేడా 0.1, 0.2 వోల్టులు మించదు. స్విచ్ నొక్కిన సంకేతం లోపలికి వెళుతోంది, బయటికి రావాల్సిన కరెంటు రావడం లేదు, సప్లై, ఎర్త్ రెండూ సరిగ్గా ఉన్నాయి అని తేలినప్పుడే మాడ్యూల్ మీద నేరం రుజువైనట్టు. బ్యాటరీ రాత్రికి రాత్రి దిగుతోందంటే కారు లాక్ చేసి మాడ్యూళ్లన్నీ నిద్రపోయాక ఎంత కరెంటు లాగుతోందో కొలవాలి. మామూలుగా అది 50 మిల్లీయాంపుల లోపే ఉండాలి.

ఈ పరీక్షలన్నిటికీ గంటో, రెండు గంటలో పడుతుంది. ఆ సమయానికి డబ్బులడిగే అలవాటు మెకానిక్‌కు లేదు, ఇచ్చే అలవాటు కస్టమర్‌కు లేదు. పరీక్షకు కూలి ముట్టని చోట సామాను మార్చితేనే గిట్టుబాటు. అనవసరంగా మారే మాడ్యూళ్లకు అసలు మూలం ఇదే.

మార్చక తప్పనప్పుడు

మూడు దారులున్నాయి: కొత్తది, పాతబండి నుంచి తీసినది, ఉన్నదాన్నే బాగుచేయించడం.

కొత్తదైతే పార్ట్ నంబరు అక్షరం తేడా లేకుండా కలవాలి. బయటికి ఒకేలా కనిపించే రెండు డబ్బాల్లో ఒకటి సన్‌రూఫ్ ఉన్న వేరియంట్‌ది, ఇంకొకటి లేనిది కావచ్చు. బ్యాటరీ కనెక్షన్ తీశాక ఎయిర్‌బ్యాగుల్లో నిల్వ ఉన్న కరెంటు దిగేదాకా కంపెనీ చెప్పినంత సేపు ఆగి పని మొదలుపెట్టాలి. బిగించడం ఇరవై నిమిషాల పని. అసలు పని ఆ తర్వాతే. ఈ కారులో ఏమేం ఉన్నాయో కొత్త మాడ్యూల్‌కు చెప్పాలి, దీన్నే కోడింగ్ అంటారు. ఛాసిస్ నంబరు రాయాలి. ఇంజిన్‌ను నడిపే మాడ్యూల్ ఈసీఎంతో ఇమ్మొబిలైజర్ పరిచయం కలపాలి. ఉన్న తాళాలన్నీ మళ్లీ నేర్పించాలి, ఇంట్లో వదిలేసిన స్పేర్ కీతో సహా. కొన్ని మోడళ్లలో తిరిగిన కిలోమీటర్ల లెక్క మీటర్‌తో పాటు బీసీఎంలోనూ ఉంటుంది కాబట్టి అదీ సరిపోలాలి. ప్రోగ్రామింగ్ నడుస్తుండగా వోల్టేజీ పడిపోతే కొత్త మాడ్యూలే మూగబోతుంది. అందుకే ఆ సమయంలో బ్యాటరీకి స్థిరమైన సప్లై తగిలించి ఉంచుతారు.

స్క్రాప్ బండి నుంచి తీసిన మాడ్యూల్ చవక. కానీ అది తన పాత యజమాని కారునే తలుచుకుంటూ ఉంటుంది. చాలా కంపెనీల బీసీఎంలు ఒకసారి ఒక ఛాసిస్ నంబరుకు కట్టుబడ్డాక మరోదాన్ని ఒప్పుకోవు. ఫోక్స్‌వ్యాగన్ గ్రూపు కార్లలో కొన్ని మాడ్యూళ్లకు కంపెనీ సర్వర్ నుంచి ఆన్‌లైన్‌లో అనుమతి రావాలి.

బాగుచేసే బల్ల దగ్గరి పని వేరే లోకం. మూత ఊడదీయగానే పిన్నుల వరసలో పచ్చటి చిలుము కనిపిస్తుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన బ్రష్‌తో దాన్ని కడిగి, బోర్డును మైక్రోస్కోప్ కింద పెడతారు. వెంట్రుకంత ట్రాక్ ఎక్కడ తినేసిందో చూసి, దాని మీదుగా సన్నటి రాగి తీగ అతికిస్తారు. కాలిన రిలే, వోల్టేజ్ రెగ్యులేటర్, డ్రైవర్ చిప్ మారుస్తారు. ఎలక్ట్రానిక్ విడిభాగాలకు కోఠి గుజరాతీ గల్లీ హైదరాబాద్‌కు పాత చిరునామా. ప్రాసెసర్ పాడైతే ఎనిమిది కాళ్ల మెమరీ చిప్‌కు క్లిప్ తగిలించి, అందులోని సమాచారం మొత్తం చదివి మరో బోర్డులోకి ఎక్కిస్తారు. అప్పుడు తాళాలు నేర్పించే పని కూడా తప్పుతుంది. కొత్త తరం మాడ్యూళ్లలో ఆ సమాచారం ప్రాసెసర్ కడుపులోనే, గూఢలిపిలో ఉంటుంది కాబట్టి ఈ విద్య అన్నిచోట్లా పనిచేయదు. పైగా కారు దొంగకూ, కిలోమీటర్లు తగ్గించి అమ్మే బ్రోకర్‌కూ పనికొచ్చేది ఇదే విద్య. కారు కాగితాలు చూడకుండా చేసే బల్లకు దూరంగా ఉండటమే మంచిది.

తాళం ఎవరి చేతిలో

వీధి గ్యారేజీ ఎక్కువగా తలొగ్గేది కోడింగ్ దగ్గరే. ఐఎస్ఓ 14229 ప్రమాణంలో '27' అనే సేవ ఒకటుంది. స్కానర్ లోపలికి రానిమ్మంటే మాడ్యూల్ ఒక అంకె విసురుతుంది, దానికి సరైన జవాబు తిరిగొస్తేనే తలుపు తెరుస్తుంది. ఆ జవాబు లెక్క కంపెనీ దగ్గర ఉంటుంది. అది షోరూముకు అందుతుంది, బయటి మెకానిక్‌కు అందదు.

ఈ విషయంలో మన దేశంలో తీర్పు లేకపోలేదు. కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టు 25న 14 కార్ల కంపెనీలకు మొత్తం రూ.2,544.65 కోట్ల జరిమానా వేసింది. అసలైన విడిభాగాలనూ, డయాగ్నస్టిక్ పరికరాలనూ స్వతంత్ర గ్యారేజీలకు అందకుండా చేస్తున్నారన్నది అభియోగం. వాటిని అందుబాటులో ఉంచాలని, బయట సర్వీసింగ్ చేయించినంత మాత్రాన వారంటీ మొత్తం రద్దు చేయరాదని కమిషన్ ఆదేశించింది. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి. 2016 డిసెంబరులో అప్పిలేట్ ట్రిబ్యునల్ మూడు కంపెనీల విషయంలో ఉల్లంఘన జరిగిందన్న నిర్ణయాన్ని సమర్థించి, జరిమానా లెక్కను మాత్రం మార్చింది. 2022 డిసెంబరులో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ రైట్ టు రిపేర్ పోర్టల్ తెచ్చింది. అది లెక్కలోకి తీసుకున్న నాలుగు రంగాల్లో ఆటోమొబైల్ ఒకటి. కంపెనీలు ఇష్టపడి పెట్టే సమాచారమే అందులో ఉంటుంది. అమెరికాలో మసాచుసెట్స్ ఓటర్లు 2012లోనూ, 2020లోనూ బ్యాలెట్ మీదే ఈ హక్కు గెలుచుకున్నారు.

తాళం తీస్తే కారు భద్రతకే ముప్పన్న కంపెనీల వాదనను కొట్టిపారేయలేం. 2015లో ఇద్దరు పరిశోధకులు ఎక్కడో కూర్చుని, రోడ్డు మీద పోతున్న జీప్ చెరోకీని ఇంటర్నెట్ ద్వారా అదుపులోకి తీసుకుని చూపించారు. 14 లక్షల వాహనాలు వెనక్కి పిలవాల్సి వచ్చింది. ఆ తర్వాత ఫియట్ క్రైస్లర్ 2018 మోడళ్ల నుంచి సెక్యూరిటీ గేట్‌వే పెట్టింది. తాళం ఉండాల్సిందే. అయితే పేరు, లైసెన్సు నమోదు చేసుకుని రుసుము కట్టిన మెకానిక్‌కు ఆ తాళంచెవి ఇవ్వడానికి అమెరికాలో అదే కంపెనీ ఏర్పాటు చేసింది. ఇక్కడ చేయలేని పనేమీ కాదది.

బిల్లు ఎవరి మీద

వారంటీ ఉన్న కారైతే బయట ఎవరి చేతా వైరు ముట్టించకూడదు. డెకార్ షాపు టేపు చుట్టలు కనిపిస్తే క్లెయిమ్ తిరస్కరించడానికి అదే సాకవుతుంది. తయారీ లోపమైతే రీకాల్ ఉందేమో కంపెనీ వెబ్‌సైట్‌లో ఛాసిస్ నంబరు కొట్టి చూడాలి. పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీలో తయారైన క్యారెన్స్‌నే తీసుకోండి. 2022 అక్టోబరులో ఎయిర్‌బ్యాగ్ కంట్రోల్ మాడ్యూల్ సాఫ్ట్‌వేర్ కోసం 44,174 కార్లను, 2023 జూన్‌లో మీటర్ తెర సాఫ్ట్‌వేర్ కోసం 30,297 కార్లను వెనక్కి పిలిచారు. అప్‌డేట్ ఉచితం. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలోని 110ఏ సెక్షన్ రీకాల్‌కు ఆదేశించే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చింది.

ఇన్సూరెన్స్ దగ్గర చాలామంది బోల్తా పడేది ఒక్క మాట దగ్గర. మామూలు కాంప్రహెన్సివ్ పాలసీ వరద నష్టానికి డబ్బిస్తుంది, దానంతటదే వచ్చిన ఎలక్ట్రికల్ బ్రేక్‌డౌన్‌కు ఇవ్వదు. మునిగిన కారును స్టార్ట్ చేయకుండా, నీటి మట్టం గుర్తులతో ఫొటోలు తీసి, సర్వేయర్ చూశాకే డబ్బా విప్పించాలి. నీళ్లతో పాడైందన్న మాట జాబ్ కార్డు మీద ఉండాలి. గ్యారేజీతోనో షోరూముతోనో తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకు రెండేళ్ల గడువుంది.

చదువు మేడమీద, పని కింద

అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ శిక్షణ బోర్డుల మధ్య 'ఎంబెడెడ్ సిస్టమ్స్' అని రాసినవీ కనిపిస్తాయి. ఆ తరగతుల్లో క్యాన్‌తో పాటు ఆటోసార్ అనే కార్ల సాఫ్ట్‌వేర్ ప్రమాణం చెబుతారు. హ్యుందాయ్ మోబిస్, జడ్ఎఫ్ వంటి కంపెనీల సాంకేతిక కేంద్రాలు ఈ నగరంలోనే ఉన్నాయి. కార్ల ఎలక్ట్రానిక్స్‌కు కోడ్ రాసేవాళ్లకు హైదరాబాద్‌లో కొదవ లేదు. పాడైన మాడ్యూల్‌ను పరీక్షించే మెకానిక్ మాత్రం ఇప్పటికీ సీనియర్ పక్కన నిలబడి, కాల్చుకుని, వీడియోలు చూసి నేర్చుకుంటున్నాడు. టాటా టెక్నాలజీస్‌తో కలిసి రాష్ట్రంలోని 65 ఐటీఐలను ఆధునికీకరించే పని 2024లో మల్లేపల్లి ఐటీఐలో మొదలైంది. రెండేళ్ల కోర్సుకు రాలేని, ఇప్పటికే గ్యారేజీల్లో పనిచేస్తున్నవాళ్లకు సాయంత్రం తరగతులుగా క్యాన్ పరీక్ష, కోడింగ్ నేర్పితే ఆ పనికి నిండుదనం వస్తుంది. అమీర్‌పేటకు సాయంత్రం బ్యాచులు కొత్తేమీ కాదు.

అంతవరకు జాగ్రత్త కారు యజమానిదే. బీసీఎం పోయిందని చెప్పినవారిని నాలుగు అడగండి: సప్లై, ఎర్త్ కొలిచారా, కప్లర్ విప్పి చూశారా, కొత్తది పెడితే కోడింగ్, తాళాలు ఆ ధరలోనే వస్తాయా, పాత డబ్బా తిరిగిస్తారా. పరీక్షకు విడిగా కూలి ఇస్తానని మీరే ముందు చెప్పండి. రీడింగులు, పార్ట్ నంబరు, వారంటీ బిల్లు మీద రాయించుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి విడిభాగాలన్నిటి మీదా జీఎస్టీ 18 శాతమే కాబట్టి, పన్ను తప్పించుకుందామని బిల్లు వదులుకుంటే మిగిలేది తక్కువ, పోయేది వారంటీ.